ఐసు గదిలో నీళ్ళు

బత్తలపల్లె రోడ్డు పక్కన నా మోటారు వైండింగు షాపు ముందు రెండు సిమెంటు బెంచీలున్నాయి. బోరు మోటారు కాలిపోయి వచ్చిన రైతులు ఒకదాని మీద, పనీపాటా లేక వచ్చిన కుర్రాళ్ళు ఇంకోదాని మీద కూర్చుంటారు. రెండోది ఎప్పుడూ ఖాళీ ఉండదు. ఆ కుర్రాళ్ళలో ఒకడు మొన్న అడిగాడు.

“ఏమన్నా, మన జిల్లాలో మోకాలి లోతు నీళ్ళు జూసినోడే తక్కువ. నువ్వు నేవీలో అన్నేండ్లు యేం జేసినావప్పా?”

“నీళ్ళు దాచిపెట్టినా,” అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. నేనేమో ఉన్న మాటే చెప్పాను. బెంచీ మీద చెప్పబోతే సగంలో ఎవడికో ఒకడికి ఫోను వస్తుంది, ఇంకొకడికి బస్సు వస్తుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇందులో పతకాలు లేవు, తుపాకీ మోతలు లేవు. ఉన్నదల్లా నేను చేసిన ఒక తెలివితక్కువ పనీ, దానికి నా బదులు మాట పడ్డ ఒక పెద్దమనిషీ. ఆయన పేరు రాయను. బతికుంటే సిగ్గుపడతాడు.

నేవీ అనగానే మీకు క్యాలెండరు మీద కనిపించే పెద్ద యుద్ధనౌక గుర్తొస్తుంది. నేనూ అదే చూసి చేరాను. నాలుగేళ్ళు అలాంటి దాని కడుపులో ఇంజన్ల మధ్య చెమటలు కక్కాక, నన్ను తీసుకెళ్ళి ఒక చేపల పడవ మీద వేశారు. తమాషా కాదు, నిజంగానే చేపల పడవ. తీరానికి దగ్గరగా, లోతు తక్కువ ఉన్న చోట పెద్ద ఓడలు తిరగలేవు. దొంగ సరుకు మోసేవాళ్ళు సరిగ్గా అక్కడే తిరుగుతారు. అందుకని నేవీ వాళ్ళు ప్రైవేటు యజమానుల దగ్గర మరపడవలను లీజుకు తీసుకుని కాపలాకు వాడేవారు. మా పడవలో వల లాగే యంత్రాన్ని పీకేసి, ఆ దిమ్మె మీద మెషిన్ గన్ బిగించారు. చేపలు నింపే గదిలో మాకు పడకలు వేశారు. పైనుంచి కిందిదాకా బూడిద రంగు కొట్టారు. చేపల కంపును మాత్రం ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఎండెక్కే కొద్దీ చెక్కల్లోంచి పాతికేళ్ళ నాటి చేపలన్నీ లేచి వచ్చేవి. సెలవులో మా ఊరు కంబదూరుకు వస్తే మా అమ్మ నన్ను వాకిట్లోనే ఆపి, “నీళ్ళు పోసుకోని లోపలికి రారా” అనేది. ఇచ్చేది మాత్రం అర బకెట్టే.

పడవతో పాటు సరంగు కూడా లీజులో వచ్చాడు. సరంగు అంటే పడవ నడిపేవాడు. మిగిలిన ఎనిమిది మందిమీ నేవీ వాళ్ళం, ఆయన ఒక్కడే బయటి మనిషి. ఉత్తరాంధ్ర బెస్తాయన. యాభై అయిదు పైబడ్డ వయసు, నల్లగా నిగనిగలాడే ఒళ్ళు, చక్రం పట్టుకుని పట్టుకుని మొద్దుబారిన అరచేతులు. ఆ పడవ కడుతున్నప్పుడు దుంగలు మోసింది తనేనట. ముప్పై ఏళ్ళుగా దాని చక్రం ఇంకొకరికి ఇవ్వలేదట. పడవను ‘పిల్ల’ అనేవాడు. “పిల్లకి ఇయ్యాల ఒల్లు బాగోలేదు” అన్నాడంటే ఇంజన్లో ఏదో ఉందన్నమాట. నేను కిందికి దిగి చూస్తే నిజంగానే ఏదో ఉండేది.

మొదటి వారం నేను తిన్నది తిన్నట్టు సముద్రానికే సమర్పించుకున్నాను. ఆయన పక్కన నిలబడి వీపు రాసేవాడు.

“ఏటిరా అనంతపురం, నీలు సూసి కల్లు తిరిగేయా?”

“కండ్లు గాదు మామా, కడుపు తిరుగుతాండాది.”

“తిరగనీ. కడుపు కాలీ అయితే అదే ఊరుకుంతాది.”

ఆయన మాట నాకు సగం అర్థమయ్యేది కాదు, నా మాట ఆయనకు సగం అర్థమయ్యేది కాదు. ఇద్దరిదీ తెలుగే. వంటవాడు ఒడియా మనిషి. మా ఇద్దరి మాటలూ విని, మీరిద్దరూ హిందీలో మాట్లాడుకుంటే నయం కదా అనేవాడు.

ఆఫీసరు ఉత్తరాది కుర్రాడు. సరంగు వయసులో సగం ఉండదు. చెడ్డవాడు కాదు, కానీ జేబులో ఒక నోటుబుక్కు ఉండేది, అన్నీ అందులో ఎక్కేవి. నేను వచ్చిన మొదటి ట్రిప్పులోనే మంచినీళ్ళు మూడో రోజుకు అయిపోయాయి. నాలుగో రోజంతా నాలుకలు పిడచకట్టుకుని రేవు చేరాం. ఆఫీసరు నన్ను పిలిచి హిందీలో అడిగాడు.

“నీది ఏ ఊరు?”

“అనంతపురం జిల్లా సార్.”

“అక్కడ వాన పడదట కదా?”

“పడుతుంది సార్, మేం ఊళ్ళో లేనప్పుడు.”

“అయితే నీళ్ళ విలువ నీకే బాగా తెలుసు. ఈ రోజు నుంచి ఇంజనుతో పాటు మంచినీళ్ళూ నీ బాధ్యతే.”

దొంగకు తాళాలిచ్చినట్టయింది. ఎందుకో చెబుతాను. నేను పుట్టిన ఇంట్లో మా నాయన అర చెంబు నీళ్ళతో నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునేవాడు. ఆ నీళ్ళు కూడా వృథా పోకుండా మునగచెట్టు మొదట్లో కూర్చుని కడుక్కునేవాడు. వీధిలోకి ట్యాంకరు వచ్చిందంటే బానలూ బిందెలూ అయ్యాక గిన్నెలు, గిన్నెలయ్యాక మూతలు, అవీ అయ్యాక గరిటెలు కూడా నింపేది మా అమ్మ. “ట్యాంకరొచ్చినప్పుడు సిగ్గుపడగూడదురా. మల్లా యెప్పుడొస్తాదో ఎవరికెరుక” అనేది. ఇంకొక నియమం కూడా ఉండేది. పైపైన పట్టిన నీళ్ళు ముందు వాడాలి. మూత పెట్టిన పెద్ద బానను ప్రాణం మీదికి వస్తే తప్ప ముట్టుకోకూడదు.

ఇలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి తీసుకెళ్ళి, జెట్టీ మీద లావుపాటి పైపులోంచి మంచినీళ్ళు ధారగా పడుతుంటే దాని ముందు నిలబెట్టారు. పడవలో మంచినీళ్ళ ట్యాంకు చిన్నది, ఇట్టే నిండిపోయింది. పైపులో నీళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. కట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు. చుట్టూ చూశాను. ముందు భాగంలో ఐసు గది కనిపించింది. చేపలు పట్టే రోజుల్లో మంచు దిమ్మలు నింపేవారు అందులో. లోపల రేకు కొట్టిన గట్టి గది, చుక్క కారదు. నేవీ వాళ్ళకు దానితో పనిలేక మూత వేసి వదిలేశారు. తక్కినవాళ్ళంతా ఊళ్ళోకి వెళ్ళిన సమయం చూసి దాన్ని మూడుసార్లు కడిగి, అడుగున బిరడా బిగించి, మూత దాకా నింపాను. ఇరవై డ్రమ్ముల నీళ్ళు పట్టింది. అనుమతి లేకుండా పడవలో కిలో బరువు పెరగకూడదని ఆఫీసరు ఆజ్ఞ. నీళ్ళు బరువని ఆ రోజు నాకు తోచనే లేదు. మా ఊళ్ళో నీళ్ళు భాగ్యం, బరువు కాదు.

ఇక ఆ ట్రిప్పులో నా వైభోగం చూడాలి! పైపైన పట్టిన నీళ్ళు ముందు వాడాలన్న అమ్మ మాట ప్రకారం ట్యాంకు ముట్టుకోకుండా ఐసు గదిలోంచే తోడాను. రోజుకు రెండు మగ్గులని గీత గీసి ఉన్న చోట మనిషికి అర బకెట్టు ఇచ్చాను. ఉప్పుకు పుండ్లు పడ్డ ఒళ్ళు కదా, ఆ అర బకెట్టు చూసి కుర్రాళ్ళు నా కాళ్ళు మొక్కినంత పని చేశారు. నాలుగు రోజులకు రేవు చేరి చూస్తే మెయిన్ ట్యాంకు నిండుగా ఉంది. ఆఫీసరు ఆశ్చర్యపోయి నోటుబుక్కు తీసి నా గురించి రెండు మంచి మాటలు రాసుకున్నాడు. “పొదుపంటే ఇతన్ని చూసి నేర్చుకోండి” అని అందరి ముందూ అన్నాడు. నేను కూడా నమ్మేశాను. తిట్టు నిజం కాకపోతే మనకు వెంటనే తెలుస్తుంది, పొగడ్త నిజం కాకపోతే తెలియడానికి చాలా కాలం పడుతుంది.

ఆ ట్రిప్పులోనే మూడో రోజు నుంచి పడవ నడక మారింది. మలుపు తిప్పితే పక్కకు ఒరిగేది. ఒరగడం ఏ పడవకైనా సహజమే. ఇది ఒరిగి, అక్కడే ఒక క్షణం కూర్చుని, ఆలోచించుకుని లేచేది. తర్వాతి ట్రిప్పుకు ముందు పడవ మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండడంతో ఐసు గదిని మళ్ళీ నింపే వీలు నాకు చిక్కలేదు. ఆ ట్రిప్పులో ఒరగడం ఇంకా ఎక్కువైంది. ఒక మలుపులో వంటవాడి సాంబారు గిన్నె మొత్తం గన్ దగ్గరున్నవాడి కాళ్ళ మీద ఒలికింది. ఇంకొకసారి నీళ్ళలో తేలే గుర్తుపీపాకు అంగుళం దూరంలో తప్పించుకున్నాం. ఆఫీసరు సరంగు వైపు చూశాడు. తర్వాత నోటుబుక్కు తీశాడు. రేవు చేరాక ఆయన్ని పక్కకు పిలిచి ఏమేమి మందులు వాడుతున్నాడో, తాగుతాడా, చూపు ఎప్పుడు పరీక్ష చేయించాడో అడిగాడట. చివరికి, తర్వాతి ట్రిప్పుతో ఆఖరనీ, యజమానికి చెప్పి వేరే సరంగును తెప్పిస్తాననీ చెప్పేశాడు.

ముప్పై ఏళ్ళు చక్రం పట్టినవాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పోట్లాడి ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున వెనక వైపు కూర్చుని, అంచుదాకా నింపిన టీ గ్లాసును అరచేతిలో పెట్టుకుని, చెయ్యి చాపి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. గ్లాసు కదలలేదు. అయినా ఆయన నమ్మలేదు.

“ఏమైంది మామా?” అని అడిగాను.

“ఏటీ నేదురా. సేతులు ఎప్పుడు మోసం సేత్తాయో సూత్తన్నాను. పిల్ల నా మాట ఇనట్లేదు. దానికి తెల్సిపోనాదేటో నేను ముసిలోన్నైపోనానని.”

నేను నవ్వేసి ఇంజన్ గదిలోకి దిగాను. అప్పటికి నాకు నిజంగా తెలియదు.

తెలిసింది ఆ మధ్యాహ్నమే. ఐసు గదిలో ఎన్ని నీళ్ళు మిగిలాయో చూద్దామని మూత తీసి లోపలికి వంగాను. సరిగ్గా సగానికి ఉన్నాయి. అదే సమయానికి రేవులోకి పెద్ద స్టీమరేదో వచ్చినట్టుంది, అల తగిలి మా పడవ కొద్దిగా ఊగింది. లోపలి నీళ్ళన్నీ ఒక్కసారిగా పక్కకు పరిగెత్తి గోడకు దభీమని తగిలాయి. వాటి వెంటే పడవా ఒరిగింది. నీళ్ళు అక్కడే కూర్చున్నాయి, పడవా అక్కడే కూర్చుంది. నిండుకుండ తొణకదని చిన్నప్పటినుంచీ వినే ఉన్నాను. తొణికే కుండ పడవను ముంచుతుందని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం మా వైపు ఎవరికీ రాలేదు.

అప్పుడే పైకి వెళ్ళి చెప్పేసి ఉండాలి. చెప్పలేదు. ఆఫీసరు నోటుబుక్కులో నా పేరు పక్కన మంచి మాటలున్నాయి కదా. పోనీ బిరడా తీసేసి నీళ్ళన్నీ వదిలేయవచ్చు, ఎవరికీ తెలియదు. బిరడా మీద చెయ్యి పెట్టాను కూడా. పది డ్రమ్ముల మంచినీళ్ళు పారబోయడానికి నా చెయ్యి రాలేదు, అల్లా సాక్షిగా రాలేదు. సరే, బయలుదేరే ముందు మళ్ళీ మూత దాకా నింపేసి ఈసారి ముట్టుకోకుండా ఉంచితే సరిపోతుంది, నిండితే తొణకదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బయలుదేరే రోజున జెట్టీ మీద పైపులో నీళ్ళు రాలేదు. ఎక్కడో మరమ్మతట. మా మెయిన్ ట్యాంకు ఎలాగూ నిండుగా ఉందని ఆఫీసరు పడవ వదలమన్నాడు. సరంగు ఆఖరి ట్రిప్పుకు ఐసు గదిలో సగం నీళ్ళతో బయలుదేరాం.

రెండో రోజు పొద్దున పదింటికి వైర్‌లెస్‌లో కబురొచ్చింది. ఒక నాటుపడవ ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతోంది, నలుగురు మనుషులున్నారు, గాలి వాళ్ళను రాళ్ళ తిప్ప వైపు తోస్తోంది. దగ్గరలో ఉన్నది మేమే. గాలి అప్పటికే జోరు మీద ఉంది, అలలు పక్కనుంచి కొడుతున్నాయి. వాళ్ళను చేరాలంటే ఆ అలలకు అడ్డంగా మా పడవను తిప్పాలి.

సరంగు తిప్పాడు. పడవ ఎడమకు ఒరిగింది. అలాగే ఉండిపోయింది. వంటింట్లో గిన్నెలన్నీ కింద పడ్డాయి. నేను ఇంజన్ గది నిచ్చెన పట్టుకుని వేలాడుతున్నాను. లేస్తుందా, లేవదా అని అందరం చేతికందింది పట్టుకుని చూస్తుండగా మెల్లగా, ఇష్టం లేనట్టు లేచింది. ఆయన చక్రం వెనక్కి తిప్పేసి పడవను మళ్ళీ అలలకు ఎదురు పెట్టాడు. నేను పైకి పాకి చక్రం గది తలుపు దగ్గరకు వచ్చేసరికి ఆయన ముఖంలో రక్తం లేదు.

“సారూ,” అన్నాడు ఆఫీసరుతో, వచ్చీరాని హిందీలో, “ఇంక నా వల్ల కాదు. నా చేతులు పోయాయి. చక్రం మీరు తీసుకోండి. నా మూలంగా అందరూ పోతారు.”

అంటూ చక్రం మీదినుంచి ఒక చెయ్యి తీశాడు. ఆఫీసరు ఆ చక్రం ఎప్పుడూ పట్టినవాడు కాదు. అవతల నలుగురు రాళ్ళ మీదికి పోతున్నారు. ఇవతల మేం తొమ్మిది మందిమి.

“మామా, నీ చేతులు గాదు,” అన్నాను. “తప్పు నాది. ఐసు గదిలో నీళ్ళుండాయి. నేనే నింపినా.”

ఆఫీసరుకు హిందీలో మళ్ళీ చెప్పాను. ఆయన నన్ను చూసిన చూపు నేను ఇక్కడ రాయను. సరంగు మాత్రం నన్ను చూడనే లేదు. తీసిన చెయ్యి మళ్ళీ చక్రం మీద వేశాడు.

“ఎన్ని నీలు?”

“సగానికుండాయి.”

“వెంటనే పంపుతో తోడి పారెయ్!” అన్నాడు ఆఫీసరు.

“వద్దు సారూ,” అన్నాడు సరంగు. ఆ గొంతు అంతకుముందు నిమిషం విన్న గొంతు కాదు. “తోడినంతసేపూ తొణుకుతుంది. నింపెయ్యమనండి. సముద్రం నీళ్ళే పట్టమనండి, మూత దాకా. నింపేదాకా నేను పడవను తిప్పను.” తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అరిచాడు. “ఎల్లరా! నిలబడి సూత్తావేటి? నింపు!”

డెక్కు కడిగే పైపు లాక్కుని ముందుకు పరిగెత్తి మూత తీశాను. లోపల పది డ్రమ్ముల మంచినీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. వాటిలోకి ఉప్పునీళ్ళు వదిలాను. పది నిమిషాలు పట్టింది. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, మనుషుల ప్రాణాలు పోతున్న వేళ కూడా ఆ మంచినీళ్ళు పాడైపోతున్నాయని నాకు ఏడుపొచ్చింది. పక్కనున్న వంటవాడు చూసి, భయపడి ఏడుస్తున్నాననుకుని భుజం తట్టాడు.

నిండిందని కేక వేశాను. సరంగు పడవను అలలకు అడ్డంగా తిప్పాడు. ఒరిగింది. ఒరిగిన వెంటనే లేచింది. ఇంకొక అల వచ్చింది, మళ్ళీ ఒరిగింది, మళ్ళీ లేచింది. బరువెక్కి నత్తనడక నడిచింది కానీ చెప్పిన మాట విన్నది. రాళ్ళు కంటికి కనిపించేంత దగ్గరలో నాటుపడవను అందుకున్నాం. తాడు విసిరాం. నలుగురినీ పైకి లాగాం. మెయిన్ ట్యాంకులో నీళ్ళు నిండుగా ఉన్నాయి, వాళ్ళకు నేనే పట్టాను. వాళ్ళలో పెద్దవాడు మూడు మగ్గులు తాగి, నన్ను చూసి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం పుచ్చుకోవడానికి నాకు ముఖం చెల్లలేదు. సరంగును చూపించి, అక్కడ పెట్టమన్నాను.

తిరుగుదారిలో ఆఫీసరు నోటుబుక్కు తీసి సరంగు గురించి రాసుకున్న కాగితం చింపి సముద్రంలో వేశాడు. వంటవాడి దగ్గర టీ తీసుకుని తన చేత్తో సరంగుకు ఇచ్చాడు. తరువాత నాకు శిక్ష చెప్పాడు. నెల రోజుల సెలవు రద్దు, పొగడ్త రద్దు. మరొకడైతే నన్ను కోర్టు మార్షల్ దాకా లాగేవాడు. ఆ ఏడు శనక్కాయ పీకడానికి నేను ఊరికి రాలేకపోయాను. మా నాయన ఉత్తరంలో ఇంకేమీ అడగలేదు, “సముద్రంలో నీళ్ళు బాగున్నాయా” అని మాత్రం రాయించాడు.

నేను ఇంజన్ గదిలోకి దిగి ఒక మూల కూర్చున్నాను. కాసేపటికి సరంగు దిగొచ్చాడు. పడవ నెమ్మదిగా ఉందని ఆఫీసరుకు రెండు నిమిషాలు చక్రం ఇచ్చాడట. దెబ్బ పడుతుందని తల వంచుకున్నాను. ఆయన నా ఎదురుగా చమురు డబ్బా మీద కూర్చున్నాడు. ఇంజను చప్పుడులో వినపడాలని ముందుకు వంగాడు.

“మొన్న గుర్తుపీపాకి తగలబోనాం. అది నీ నీలేనా?”

“అవును మామా.”

“సాంబారు ఒలికినప్పుడో?”

“అప్పుడూ నీళ్ళే.”

“ఆ ట్రిప్పులోనే రేవు మలుపులో?”

“అదీ నీళ్ళే మామా. అన్నీ నీళ్ళే. నన్ను కొట్టు, ఊరికే అడగొద్దు.”

ఆయన కొట్టలేదు. అరచేతులు రెండూ తొడల మీద రుద్దుకున్నాడు. ఇంకొకటి అడగాలని ఉంది, అడగడానికి భయంగా ఉంది. చివరికి అడిగాడు.

“నువ్వొచ్చిన కొత్తలో, గట్టుకి రాసుకుని రంగు పోనాదే. ఆరోజు?”

అది నేను పడవ ఎక్కిన మొదటి ట్రిప్పు. నీళ్ళు నా చేతికి రాకముందు సంగతి. ఆ రోజు ఐసు గదిలో ఎండిపోయిన చేప పొలుసులు తప్ప ఏమీ లేవు. గట్టుకు రాసుకోవడం ఏ సరంగుకైనా ఏడాదికి ఒకటి రెండుసార్లు జరిగేదే. కానీ ఆయన నన్ను అడిగింది గట్టు గురించి కాదు.

“ఆ దినమూ నీళ్ళే మామా,” అన్నాను.

నా ముఖంలోకి చూశాడు. నమ్మాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. లేచి నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, “దొంగ నా కొడకా” అని, ఈల వేసుకుంటూ చక్రం దగ్గరకు ఎక్కిపోయాడు. ఆయన ఈల వేయడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.